అరిటాకు పొట్లాలు

"పూలల్లో దురదగొండి కలిపావో, జన్మలో నీతో మాట్లాడను మావయ్యా!" అని నా మేనకోడలు బిందు ముందే ఒట్టు వేయించుకుంది. అప్పగింతలయ్యాక చల్లడానికి గులాబీ రేకులు తుంచి, కొల్లూరు అరిటాకుల్లో పొట్లాలు కట్టింది నేనే మరి.

రేపల్లె కల్యాణమండపం గుమ్మంలో కారు సిద్ధంగా ఉంది. అందరి చేతుల్లోనూ పొట్లాలున్నాయి. ఒక్కరూ విప్పరే! పెళ్లికొడుకైతే కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"బాంబులు కావర్రా, చల్లండి! పిల్ల వట్టినే వెళ్లిపోతోంది!" అని అరిచాను.

మా బావ రెండడుగులు వెనక్కి వేశాడు.

చివరికి బిందే ఒక పొట్లం లాక్కుని తన నెత్తిమీద కుమ్మరించుకుంది. గులాబీ రేకులు తప్ప ఏమీ రాలలేదు.

నవ్వుతుందనుకున్నాను. బావురుమంది.

"ఏమీ కలపలేదేంటి మావయ్యా? అప్పుడే పరాయిదాన్నైపోయానా?"