ఎలుగు తాత చదివిన పుస్తకం

అడవి మొత్తానికి ఒకే పుస్తకం ఉండేది, అదీ ముసలి ఎలుగుబంటి దగ్గర. ఏటా వసంతంలో దాన్ని తెరిచి, "తొలి తేనెపట్టు ఎలుగుకే చెందును" అని గంభీరంగా చదివేది. తేనెటీగలు మారుమాట్లాడకుండా ఇచ్చేవి.

ఒక ఏడు వడ్రంగిపిట్ట ఆ పుస్తకం అడిగి తీసుకుంది. చెక్క మీద అక్షరాలు చెక్కి, మసి పూసి, అందరికీ తలా ఒక ప్రతి అచ్చు వేసింది. చదవడం కూడా నేర్పింది.

వసంతం రాగానే రాణి ఈగ వచ్చి, "తాతా, ఇందులో తేనె మాటే లేదు. అంతా చేపలు పట్టడం గురించే ఉంది" అంది.

"అచ్చుతప్పు అయ్యుంటుంది."

"అన్ని పేజీల్లోనా?"

ఎలుగు తల దించుకుంది. రాణి ఈగకు జాలేసింది.

"పోనీలే, తేనె ఇస్తాం. నీ గొంతులో వింటే బాగుంటుంది. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు."

ఎలుగు పుస్తకాన్ని రాణి ఈగ ముందుకు జరిపింది.

"అయితే ముందు నాకు అక్షరాలు నేర్పాలమ్మా" అంది.