ఇరవయ్యో ఏడు

మా ఆయన తేసోక్ పక్కదేశం వాళ్ళ జీతాల మీద పెట్టిన శ్రద్ధలో పావువంతు మా వంటింటి కుళాయి మీద పెట్టి ఉంటే, అది ఏనాడో కారడం మానేసేది.

ఏటేటా ఉద్యోగుల జీతాలకు జపాన్ ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టింది, మన కొరియా ఎంత పెట్టింది అని ఆఫీసు కోసం పట్టిక కట్టాడు. ఇవాళ పదింటికి మంత్రిగారు దాన్ని సభలో చదివి, జపాన్‌ను మించిపోయాం కాబట్టి కొత్త అగ్నిమాపక ఉద్యోగాలు ఆపేస్తున్నామని ప్రకటిస్తారు.

ఆయన సూప్ గిన్నె కింద ఉన్న జపాన్ లెక్కల కాగితం లాగి చూశాను.

"ఏమండీ, ఇందులో ముప్పయ్యో సంవత్సరం దాకా లెక్కలున్నాయే! రాబోయే ఏళ్ళ జీతాలు కూడా ఇచ్చేశారా వాళ్ళు?"

"నువ్వు కాలేజీలో నేర్చిన జపనీసు టీవీ సీరియళ్ళకు దాచుకో. నేను ఇరవై నుంచి ఇరవై నాలుగు వరకే తీసుకున్నా."

"ఆ ఇరవై, 2020 కాదండీ. వాళ్ళు ఏళ్ళను చక్రవర్తి పాలనను బట్టి లెక్కపెడతారు; ఇది పాత చక్రవర్తి గద్దెనెక్కాక ఇరవయ్యో ఏడు. అంటే 2008. మన ఇప్పటి జీతాల పక్కన వాళ్ళ పాత జీతాలు పెట్టారు."

చెంచా జారి సూప్‌లో పడింది.

"ఇప్పుడు చెబితే నా ఉద్యోగం ఉండదు."

"చెప్పకపోతే?"

తొమ్మిదిన్నరయింది. ఎగతాళి చేద్దామనుకున్నదాన్ని, మానుకున్నాను. ఫోన్ అందించాను.

ఎదురుగా లేని అధికారికి నడుం వంచి దణ్ణం పెట్టాడు.

"సార్, ఆ పట్టిక చదవనివ్వకండి. మా ఆవిడ కనిపెట్టింది. ఏళ్ళు తప్పు చదివాను. తప్పు నాదే."