అట్ట మీది బొమ్మ

"ఆఖరి పేజీ దాకా సూసినా తాతా. ఆ రెక్కలాయప్ప కొట్లాట యాడా లేదు," అంది స్తుతి.

కర్నూలుకు బస్సులో పోయి ఆ బొమ్మల పుస్తకం మనవరాలికి తెచ్చింది ప్రేమయ్యే. ఆ రెక్కల వీరుడి పుస్తకాలు కువైట్ నుంచి నెలనెలా పంపే అతని కొడుకు, స్తుతి తండ్రి జయకుమార్ నిరుడు అక్కడే పోయాడు.

"అట్ట మీద ఉండాడు కదమ్మా, రెక్కలిప్పుకోని."

"అట్ట మీదే. లోపల రెండు బొమ్మల్లో ఊరికే నిలబడినాడు. ఒక యుద్ధాన్ని పది పుస్తకాలకు పంచినారు తాతా. ఆయప్ప సచ్చేది ఇంకోదాంట్లో అంట. దీంట్లో, పోయినాడని ఒక్క ముక్క రాసినారు."

"ఒక్క ముక్కకు నన్ను కర్నూలు దాకా తిప్పినారే," అని నవ్వబోయాడు ప్రేమయ్య. "ఆ ఇంకోటి డోన్‌లో అడుగుతాలే."

"అదిప్పుడు యాడా దొరకదంట." స్తుతి నవ్వలేదు. "ఈ పుస్తకం కంటే నువ్వే మేలు తాతా. మద్రాసు ఏర్‌పోర్టుకు నాయన పెట్టె వచ్చినప్పుడు నాయనను సూసినావు. ముఖం నిద్రపోతాన్నట్టే ఉన్నిందంటివి గదా. ఇంకోసారి చెప్పు."

ఏడాదిగా అడిగినప్పుడల్లా చెప్పాడు. ఆ మాట విన్నాకే ఆ పిల్ల నిద్రపోయేది. ఈసారి అతను ఆమె చేతిలోని పుస్తకం అట్ట వైపు చూశాడు.

"పెట్టె తెరవొద్దన్నారమ్మా," అన్నాడు. "మూత మీద ఫోటో అంటించినారు గదా, ఈడ నువ్వు సూసిండేది. ఆడ నేనూ అదే సూసినా."

స్తుతి పుస్తకం మూసి, అట్ట మీది బొమ్మ కనబడకుండా బోర్లా పెట్టింది.