ఎప్పుడూ ఉండే చోటు

"రేపు నువ్వు హాస్టల్‌కి వెళ్ళిపోయాక మీ నాన్నగారికి గుండెల్లో నొప్పొస్తే, ఆ సంగతి నాకెవరు చెప్తారే?"

సత్యకుమారి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి కూతురి కుర్చీ పక్కన నిలబడింది.

భానుశ్రీ కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పలేదు. "నొప్పొచ్చిన మనిషే చెప్తారమ్మా."

"ఎలా చెప్తారు? మాకు మాటల్లేవు కదా!"

నిజమే. పోయిన ఆదివారం భోజనాల దగ్గర, చుట్టాలందరూ వింటుండగా, "కొరమేను పులుసంటే మా అమ్మదేనండి" అన్నాడు ఆవిడ భర్త పల్లంరాజు. ఆ పూట పులుసు చేసింది సత్యకుమారి. అప్పట్నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ సెలవులకొచ్చిన భానుశ్రీ మీదుగానే నడుస్తున్నాయి. అన్నం వడ్డించానని మీ నాన్నగారితో చెప్పు. ఆకలిగా లేదని మీ అమ్మతో చెప్పు. ఇద్దరికీ మధ్య ఉండేది ఒక్క గుమ్మం.

"నీ కంప్యూటర్ పెట్టె కూడా మాట్లాడ్డం మానేసిందన్నావు, బాగుపడిందా?" అంది సత్యకుమారి భయంభయంగా. పేలిపోతుందేమోనని ఆవిడెప్పుడూ దానికి రెండడుగుల దూరంలోనే ఉంటుంది.

"పడింది. తప్పు నాదే. ఈ ప్రోగ్రాం రెండుగా నడుస్తుందమ్మా. ఒకే పెట్టెలో కాపురం, కానీ ఎవరి మెమరీ వాళ్ళదే. ఒకరిది ఒకరికి కనపడదు. ఏం కావాలన్నా మెసేజ్ పంపుకోవాల్సిందే."

"అదేం కాపురమే?"

"నన్నడుగుతావేంటి?" అంది భానుశ్రీ.

సత్యకుమారి ఏదో అనబోయేంతలో వరండాలోంచి పల్లంరాజు కేక వినిపించింది. "భానూ! నా కళ్ళజోడు ఎక్కడుందో మీ అమ్మనడుగు."

"ఎప్పుడూ ఉండే చోటే ఉందని చెప్పు," అంది సత్యకుమారి గోడకేసి చూస్తూ.

"ఎప్పుడూ ఉండే చోటే ఉందంట, నాన్నగారూ!"

"తడిమి చూశాను. అక్కడ దువ్వెన తగిలిందని చెప్పు." ఆ వెంటే పేపరు తిప్పిన చప్పుడైంది.

భానుశ్రీ నవ్వు ఆపుకోలేక కుర్చీ వెనక్కి జరిపింది. "అచ్చం ఇదేనమ్మా పొద్దున్న నేను చేసింది! మొదటిదాంట్లో నా వేరియబుల్, అంటే నేను దాచిన అంకె, ఏ అడ్రసులో ఉందో కనుక్కుని, ఆ అడ్రసు పట్టుకెళ్ళి రెండోదానికి పంపాను. పాపం, అది తన మెమరీలో అదే అడ్రసుకి వెళ్ళింది. అక్కడ ఇంకేదో ఉంది. ప్రోగ్రాం కుప్పకూలింది."

"అయ్యో! ఏమీ కాలిపోలేదు కదా?"

"లేదమ్మా. నీకు ఎప్పుడూ ఉండే చోటంటే కుట్టుమిషను. నాన్నగారికి కిటికీ గట్టు. నీ మెమరీలో అడ్రసు ఆయనకెందుకు పనికొస్తుంది? ఎవరి అడ్రసు వాళ్ళు కనుక్కోవాలి. పంపితే అడ్రసు కాదు, అక్కడున్న వస్తువు పంపాలి."

"అయితే ఆ మిషను మీదున్న వస్తువేదో నువ్వే పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి."

"నేనివ్వను. నువ్వే ఇవ్వు. నేను మహాలక్ష్మమ్మ పిన్నింట్లో ఇస్త్రీకిచ్చిన చీరలు తెచ్చుకోవాలి," అని చెప్పులు తొడుక్కుంది భానుశ్రీ. వరండా దాటి వెళ్ళింది. గేటు కిర్రుమని మూసుకుంది. ఆ కిర్రు ఇంట్లో ఇద్దరికీ వినబడింది.

సత్యకుమారి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళింది. కత్తెర ఉంది, దారపు ఉండలున్నాయి. కళ్ళజోడు లేదు.

మిషను సొరుగు లాగింది. బీరువా మీద చెయ్యి పెట్టి చూసింది. దేవుడి అర కూడా వెతికింది. లేదు. అంటే ఆయన రోజూ వెళ్ళే రొయ్యల చెరువు గట్టు మీద పడిపోయి ఉంటుంది. కళ్ళు సరిగ్గా ఆనక అక్కడ కరెంటు తీగ మీద కాలేస్తే? అసలు గట్టే కనపడక నీళ్ళలోకి నడిచేస్తే? ఆయనకి ఈత వచ్చో రాదో ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారైనా అడగలేదే!

పులుసూ గుర్తులేదు, పౌరుషమూ గుర్తులేదు. విసురుగా గుమ్మం దాటింది.

"ఏవండీ!"

అన్నాక గానీ తనే ముందు మాట్లాడేసినట్టు ఆవిడకి తెలియలేదు. పల్లంరాజు పడక్కుర్చీలో, మొహానికి అడ్డంగా పేపరు పట్టుకుని ఉన్నాడు.

"కళ్ళజోడు ఎక్కడా లేదండీ. చెరువు దగ్గర పడేసుకున్నారేమో గుర్తు తెచ్చుకోండి. అది దొరికేదాకా మీరు గట్టు మీదకెళ్ళడానికి వీల్లేదు. వింటున్నారా?"

పేపరు కదల్లేదు.

"కోపముంటే ఉండనీండి. పులుసు సంగతి తర్వాత చూసుకుందాం. ఊఁ అనండి చాలు."

ఊఁ కూడా లేదు. పైన ఫ్యాను తిరుగుతోంది. వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. అంతసేపూ సత్యకుమారి పేపరునే చూస్తూ నిలబడింది. ఉన్నట్టుండి ఆ పేపరు వణకడం మొదలుపెట్టింది. ముందు అంచులు, తర్వాత మొత్తం.

"అయ్యబాబోయ్! చేతులు వణుకుతున్నాయేంటండీ? గుండెల్లో నొప్పొచ్చిందా? మాట్లాడండి!"

మెల్లిగా పేపరు కిందికి దిగింది. పల్లంరాజు భార్య వైపు చూడలేదు. కిటికీలోంచి, లోపల ఖాళీగా ఉన్న కూతురి కుర్చీ వైపు చూసి, నవ్వు దిగమింగుకున్నాడు.

"భానూ! కళ్ళజోడు ఎప్పుడూ ఉండే చోటే, నా ముక్కు మీదే ఉందని మీ అమ్మతో చెప్పమ్మా."