రోజూ నడవాలి

ఆ ఇంజెక్షన్లే అతని ఇంటిని ఖాళీ చేశాయి. ఇందులో ఇస్త్రీ కొట్టాయనకు ఏ అనుమానమూ లేదు. అందుకే డాక్టరమ్మ అతని కూతురి పిక్కల మీద ఉబ్బిన నీలి నరాలను వేలితో నొక్కి చూస్తుంటే, కుర్చీ చూపించినా కూర్చోకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"వాళ్లమ్మకూ ఈ ఇంజెక్షన్లే వేశారు. వేరే డాక్టరు. ఏ భయమూ లేదన్నాడు."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. గొంతు తగ్గించి, తాను అలా అననని, ఉన్నదున్నట్టు చెబుతానని అంది. సూది గుచ్చినచోట గోధుమరంగు మచ్చ పడొచ్చు, నెలల తరబడి పోకపోవచ్చు. మందు నరం బయటికి కారితే చర్మం పుండవొచ్చు. కొందరి ఒంటికి మందు పడదు. చాలా అరుదుగా రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అది ప్రాణం మీదికొస్తుంది. కాలు వాచినా, ఆయాసమొచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి రావాలి.

కూతురి ముఖం పాలిపోయింది. అతను మాత్రం ఎవరో ఇస్త్రీ బట్టల లెక్క చదువుతున్నట్టు తలాడిస్తూ విన్నాడు.

"గడ్డకట్టకుండా ఏం చేయాలి?" కూతురు అడిగింది.

"బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. రోజూ నడవాలి. సూది వేసిన వెంటనే మొదలుపెట్టాలి."

అప్పుడు ఉలిక్కిపడ్డాడతను. "నడవాలా? ఎంత దూరం?"

"ఓపికున్నంత."

"కొట్లోనే అటూ ఇటూ తిరిగితే చాలదా?"

కూతురికి ఒళ్లు మండింది. "కొట్లో చోటెక్కడుంది నాన్నా? అమ్మ ఇస్త్రీ బల్ల తీయనివ్వవు. ఆవిడ ఇస్త్రీపెట్టె తుడిచి తుడిచి అరగదీస్తున్నావు. ఆ చేత్తోనే అప్పట్లో ఆవిడ కూర్చోడానికో స్టూలు వేసుంటే..."

మిగతాది మింగేసింది. కూర్చుని రుద్దితే మడత నిలవదని భార్యను ఏళ్ల తరబడి నిలబెట్టిన మనిషి అతను. ఇప్పుడు సాయంత్రం వీధిలో ఆడవాళ్ల చెప్పుల చప్పుడైతే చాలు, తలెత్తుతాడు. చేతికింద చొక్కా మాడిన వాసనొచ్చేదాకా అటే చూస్తాడు.

"రాత్రులు నొప్పితో నిద్ర పట్టట్లేదు నాన్నా," అంది కూతురు, మెత్తబడి. "వేయించుకోనీ."

అతను కూతురి కాళ్లకేసి చూశాడు. అచ్చం వాళ్లమ్మ కాళ్లే. ఆ నరాలు కూడా అక్కడే.

"వేయండి," అన్నాడు చివరికి. "నడకకు మాత్రం నేనూ వెంట వెళ్తాను. ఒక్కదాన్నే పంపను."

డాక్టరమ్మ మంచిదేనంది. ఒక్క సంగతి మాత్రం తెలియాలంది. "వాళ్లమ్మగారికి ఏమైందో చెబితే ఈ అమ్మాయి విషయంలో జాగ్రత్తపడతాను. గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందా?"

కూతురు ఏదో చెప్పబోయి, తండ్రి ముఖం చూసి ఊరుకుంది.

"అదేం కాదు," అన్నాడతను. "ఇంక అడక్కండి. ఆ మాట మళ్లీ నా నోట రాదు."

కాళ్లు బాగవగానే అతని భార్య అతన్ని వదిలేసి నడిచి వెళ్లిపోయింది.