సెట్ మాస్టారు, రన్ మేడమ్

డైరెక్టరు రెండు పెట్టెల్లోంచి నిన్ననే ఏరి ఉంచిన అరవై చీటీల్ని పేకముక్కల్లా కలిపి, బల్ల మీద పెట్టారు.

"చదవండి మాస్టారూ. ఒక్కటి తప్పు చదివినా రేపటినుంచి రానక్కర్లేదు."

సెట్ మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

ఆ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఆఫీసులో ఆయన అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. పదకొండేళ్ళుగా 'సెట్' అనే మాటతో కుస్తీ పడుతున్నారు కాబట్టి సెట్ మాస్టారు. ఎదురు కుర్చీలో 'రన్'తో తలపడుతున్న ఆవిడ రన్ మేడమ్. వినడానికి రెండూ పిసరంత మాటలే. అర్థాలు తవ్వేకొద్దీ వస్తూనే ఉంటాయి. అర్థానికో చీటీ చొప్పున ఆయన పెట్టెలో రెండువందల పన్నెండు చేరాయి. ఆవిడ పెట్టెలో రెండువందల పదిహేను. ఆ మూడింటి తేడా మాస్టారికి అస్సలు మింగుడు పడలేదు.

"ఎన్నికల్లో పోటీ చెయ్యడం కూడా రన్నేనా చెల్లెమ్మా? మనం నిలబడతాం కదా!"

"వాళ్ళు పరుగెడతారు అన్నయ్యగారూ. నేనేం చెయ్యను? మీ సూర్యుడు సెట్ అవుతుంటే నేను అడ్డం వచ్చానా?"

రక్తసంబంధం ఏమీ లేదు. పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర పోట్లాడుకుంటే అన్నాచెల్లెళ్ళు కాక ఏమవుతారు?

రెండు నెలలుగా మాత్రం వాళ్ళ వ్యవహారం మారింది. మెట్లెక్కేటప్పుడు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటున్నారు. మాస్టారి కళ్ళద్దాలు అసలే సోడాబుడ్డి అడుగులు. చీటీని ముక్కుకి ఆనించిగాని చదవరు. ఈమధ్య ప్రతి చీటీనీ, తనవీ ఆవిడవీ కూడా, గది దద్దరిల్లేలా పైకి చదువుతున్నారు. దాంతో ఆఫీసంతా ఒకటే గుసగుస. మాస్టారికి చూపు పోయిందట. కంఠతా వచ్చింది అప్పజెబుతున్నారట. పాపం, ఆ మహాతల్లే చెయ్యి పట్టుకుని నడిపిస్తోందట.

గుసగుస డైరెక్టరు చెవిన పడింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. కానీ చూపు లేనివాళ్ళు ప్రూఫులు దిద్దకూడదని ఆఫీసు నియమం. ఇంకో వారంలో పుస్తకం అచ్చుకి వెళుతుంది. ఆఖరి ప్రూఫు దాకా ఉన్నవాళ్ళ పేర్లే మొదటి పేజీలో వేస్తారు. ముందే వెళ్ళిపోతే, పదకొండేళ్ళు కాదు పాతికేళ్ళు చేసినా పేరుండదు. ఇంత దిక్కుమాలిన నియమం ఇంకెక్కడైనా ఉందో లేదో తెలీదు. అక్కడ మాత్రం ఉంది.

అందుకే ఈ పరీక్ష. మాస్టారు చదవాలి. మేడమ్ ముందు ఆ అరవై అర్థాలూ వరసగా టైపు చేసిన కాగితం ఉంది. విన్న అర్థం ఏ వరసలో ఉందో చూసి, దాని పక్కన ఆవిడ టిక్కు పెట్టాలి.

డైరెక్టరు వెళ్ళి మాస్టారి భుజం వెనక నిలబడ్డారు.

"సెట్. విరిగిన ఎముక సరిచెయ్యడం."

మేడమ్ పెన్ను కదిలింది.

"రన్. ఉతికితే బట్ట రంగు దిగడం. సెట్. సిమెంటు గట్టిపడటం. రన్. దుకాణం నడపడం. సెట్. ఉచ్చు పన్నడం."

మాస్టారి నుదుటి మీద చెమట పట్టింది. మేడమ్ ఆయన కంటే ఎక్కువ భయపడుతున్నట్టుంది. పరీక్షలో పక్కవాళ్ళకి చూపించని పిల్లలా కాగితానికి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని, తలెత్తకుండా టిక్కులు పెడుతోంది.

యాభై దాటాక మాస్టారు ఆగారు. చీటీని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నారు. డైరెక్టరు ముందుకు వంగారు.

"సెట్..." అన్నారు మాస్టారు నీళ్ళు నములుతూ. "ముక్కు కారడం."

"అది నా సరుకు అన్నయ్యగారూ," అంది మేడమ్ తలెత్తకుండానే. "సెట్‌కి జలుబు చెయ్యదు."

"చీటీ మీద అలాగే ఉందమ్మా! పైగా ఇది నా రాతా కాదు, నీ రాతా కాదు."

డైరెక్టరు పకపకా నవ్వేశారు. అది ఆయన తన చేత్తో రాసి, అరవైలో కలిపేసిన దొంగ చీటీ. సగం పోల్చుకుని మిగతాది కంఠతా అప్పజెప్పేవాడైతే అక్కడ దొరికిపోయేవాడు.

మిగిలినవి కూడా తప్పు లేకుండా పూర్తయ్యాయి.

"క్షమించండి మాస్టారూ. మీ కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. జనం నోటికి హద్దుండదు. మీ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వేయిస్తాను." డైరెక్టరు బల్ల మీదికి చెయ్యి చాచారు. "ఏదమ్మా, ఆ టిక్కుల కాగితం ఇలా ఇవ్వండి. ఫైల్లో పెట్టేస్తాను."

మేడమ్ కాగితం మీద అరచెయ్యి ఆనించింది.

"పద్ధతంటే పద్ధతే సార్. చదివినాయన సరిచూసి సంతకం పెట్టకుండా ఏ కాగితమూ ఈ బల్ల దాటదు. పదకొండేళ్ళుగా ఇంతే."

"మీతో గెలవలేం," అని నవ్వుకుంటూ డైరెక్టరు వెళ్ళిపోయారు. అడుగుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది.

మాస్టారు లేచి తలుపు గడియ పెట్టారు. సొరుగులో ముందే తెచ్చి దాచుకున్న, ఆ జాబితాదే ఇంకో నకలు తీశారు. పెన్ను మూత విప్పారు.

"ఇంక చెయ్యి తియ్యి చెల్లెమ్మా," అన్నారు.

ఆవిడ చెయ్యి తీసింది. కాగితం మీద అరవై టిక్కులూ ఒకే చోట, ఒకదాని మీద ఒకటి పడి, నల్లటి ముద్దలా ఉన్నాయి.