రాళ్ళ స్నానం

నిప్పుల్లో రాయి టప్పుమని పగిలింది. ఒక ముక్క ఎగిరి తొట్టిలో పడింది.

"చంపేస్తావురా పొడుగోడా!" తొట్టిలోంచి అరిచింది అంగే చిమి. ఊళ్ళో అందరికీ ఆమె అంగే, అంటే అవ్వ. "మెరుపున్న రాయి వెయ్యొద్దని చెప్పానా లేదా?"

"చెప్పే ఉంటావంగే. అన్ని తిట్ల మధ్య ఆ ఒక్కటీ వినబడలేదు."

అంగేకి నవ్వొచ్చింది. అది కనబడకుండా మెడదాకా నీళ్ళలోకి జారింది.

అతను పట్టకారుతో ఎర్రటి రాయి తీసి తొట్టి చివర, అడ్డుపలక అవతల వదిలాడు. నీళ్ళు సుయ్యిమన్నాయి. నీళ్ళలో వేసిన ఖెంపా మందాకు ఘాటు గుప్పుమంది.

అంగే మోకాళ్ళు ఎప్పట్నుంచో చలికి బిగుసుకుపోతాయి. ప్రతి చలికాలం కొడుకు గాసే ఏటి రాళ్ళు కాల్చి, కొండ మీద ఖెంపా కోసుకొచ్చి, ఆమెను ఎత్తి తొట్టిలో కూర్చోబెట్టేవాడు. కిందటేడు మందుల వాళ్ళు కొనే పురుగుగడ్డి ఏరడానికి కొండెక్కి, మంచులో పోయాడు. తొట్టి బోర్లించేశారు. అంగే గడప దాటాలంటే దేకాల్సిందే.

అలాంటప్పుడు వచ్చాడీ పొడుగోడు. తిండి పెట్టి చోటిస్తే రాళ్ళు కాలుస్తానన్నాడు. అంగే పేరు కూడా అడగలేదు.

మనిషి తిండిపోతు. మిరపకాయల జున్నుకూర పెడితే గిన్నె ఊడ్చేసేవాడు.

"నీ తిండితో జడలబర్రెల మందని మేపొచ్చు," అనేది అంగే.

"బర్రెలు రాళ్ళు కాల్చవు కదంగే."

తొట్టిలో కూర్చున్నంతసేపూ ఆమె జపమాల తిప్పేది. పూసకీ పూసకీ మధ్య దోఫుని తిట్టేది.

"వాడి చేతులు పడిపోను! వాడి కొంప కూలిపోను!"

"తిట్టంగే, తిట్టు. ఒళ్ళు వేడెక్కుతుంది, నాకు కట్టెలు మిగుల్తాయి."

"నీకు నవ్వులాటగా ఉంది. కనుమ అవతల లునానా ఊరివాడు, నా కొడుకుతో కొండెక్కాడు. గాసే కాలు విరిగి పడితే వీడొక్కడే దిగొచ్చాడు. వీపున మోసుకొస్తుంటే దారిలో ప్రాణం పోయిందని చెప్పాడట. మరి శవమేది? మన గుర్రాల వాంగ్డా వాళ్ళు వెళ్ళి దారంతా వెతికారు. ఉంటేగా! పడ్డచోటే వదిలేసి కథలు చెప్పాడు."

"వాణ్ణి నువ్వు చూశావా?"

"చూస్తే బతకనిచ్చేదాన్నా?"

పొడుగోడు ఇంకో రాయి వదిలాడు. కాసేపు ఆవిరిలో ఎవరికెవరూ కనబడలేదు.

మోకాళ్ళు మెల్లగా వంగాయి. అంగే ముందు గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత పాకదాకా వెళ్ళింది. ఒక పొద్దున తనే బర్రె పాలు పితికి తెచ్చి పొడుగోడి ముందు పెట్టింది. అతను గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకో గిన్నె" అన్నాడు.

కనుమ మీద మబ్బులు దిగుతున్నాయి.

"అంగే, ఇవాళ నేనూ ఒకసారి దిగనా? నడుము పట్టేసింది."

"వయసులో ఉన్నవాడివి, నీ నడుముకేం మాయరోగం? ఏం మోశావని?"

"మోశాలే, ఏదో."

"నేను లేచాక ఆ నీళ్ళలోనే దిగు. మళ్ళీ రాళ్ళు కాల్చకు, కట్టెలు దండగ."

అతను చల్లారిపోతున్న నీళ్ళలోనే దిగి కళ్ళు మూసుకున్నాడు.

మర్నాడు తెల్లవారగానే మూట కట్టాడు.

"మంచు పడితే దారి ఉండదు. వెళ్తానంగే."

"వచ్చే చలికాలం రా. రాకపోతే నేనే వెతుక్కుంటూ వస్తా. ఇప్పుడు నాకు కాళ్ళున్నాయి. ముందు లునానా వెళ్ళి ఆ దోఫు మొహాన ఉమ్మేసి, అట్నుంచటే మీ ఊరికొస్తా."

"వెళ్ళిరా. అంత దూరం నడిచావంటే నా రాళ్ళకి పేరు," అని మూట భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం గుర్రాల వాంగ్డా వచ్చాడు. టోపీ మీద మంచు. అంగే గుమ్మం దాకా నడిచి వెళ్ళింది.

"చూశావా, నడుస్తున్నా! కూర్చో, టీ పోస్తా."

వాంగ్డా కూర్చోలేదు. గుర్రం మీంచి చిన్న తెల్లగుడ్డ మూట దించి ఆమె చేతుల్లో పెట్టాడు.

"గాసే దొరికాడంగే. లామా చేత అన్నీ జరిపించి అస్థికలు తెచ్చాను."

అంగే గుమ్మంలోనే కూలబడింది.

"ఎక్కడ?"

"గడ్డి ఏరేవాళ్ళ శిబిరం కనబడే మలుపులో. చరియ విరిగి కప్పేసిందట. ఈసారి మంచు బాగా కరిగింది. ఒంటిమీద దోఫు కోటు చుట్టి ఉంది."

"పడింది శిఖరం దగ్గరన్నారుగా? విరిగిన కాలితో అంత కిందకి..."

"నడవలేడంగే. దోఫు చెప్పిందే నిజం. మనమే నమ్మలేదు."

అంగే మూటను ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది. తర్వాత దాన్ని దేవుడి అరలో పెట్టి వచ్చి, చేతికర్ర అందుకుంది.

"ఎక్కడికి?"

"లునానాకి. ఆ పిల్లాడి కాళ్ళు పట్టుకోవాలి."

"కనుమ మూసుకుపోయింది. నేనిటు దిగానో లేదో కురవడం మొదలెట్టింది. ఇక మంచు కరిగేదాకా దారి లేదు."

"వాడి మొహం కూడా తెలీదు నాకు," అంది అంగే. "ఎలా ఉంటాడు?"

వాంగ్డా వింతగా చూశాడు.

"అదేంటంగే? కనుమ దగ్గర ఎదురైతే 'ఎక్కణ్ణుంచిరా దోఫూ?' అని అడిగాను, 'అంగే ఇంట్లో రాళ్ళు కాల్చి వస్తున్నా' అన్నాడే!"